నచ్చలేదా, తినడం రాలేదా?

పోయినేడాది ఆగస్టులో మా బావమరిది జీవితంలో మొదటిసారి పులస తిన్నాడు. తిని, "ఇదేంది బావా, అన్నీ ముండ్లేనాయె" అన్నాడు.

మా ఊరు రాజోలు దగ్గర, వశిష్ఠ గోదావరి గట్టుని ఆనుకుని ఉంటుంది. పుస్తెలు అమ్ముకునైనా పులస తినాలన్న సామెత మా వైపు వేళాకోళం కాదు, ఇంచుమించు ఇంటి బడ్జెట్. కోడలి తమ్ముడు వస్తున్నాడని నాన్న ముందురోజు తెల్లారకుండానే రేవుకి వెళ్ళి చేప తెచ్చారు, ఎంతకి తెచ్చారో ఈ రోజు వరకూ అమ్మకి చెప్పలేదు. అమ్మ మట్టి దాకలో పులుసు పెట్టి, బెండకాయలు వేసి, సన్నటి సెగ మీద ఉంచి, రాత్రంతా కదపకుండా వదిలేసి మర్నాడు మధ్యాహ్నం వడ్డించింది. అలాంటి పులుసు ముందు కూర్చుని వాడు ఆ మాటన్నాడు. వరండాలో ఎవరూ కిక్కురుమనలేదు. నాన్న మజ్జిగ కలుపుకోకుండానే లేచిపోయారు. మా ఆవిడ తమ్ముడి వైపు చూసిన చూపుని ఇక్కడ రాయడం నా వల్ల కాదు.

పాపం వాడిది కరీంనగర్. వాళ్ళకి చేపంటే చెరువు చేప, బొచ్చె, రవ్వ. ముల్లు ఉంటే కనిపిస్తుంది, తీసి పక్కన పెట్టొచ్చు. పులస ముల్లు అలాంటిది కాదు, వెంట్రుకలాంటిది, కొస దగ్గర రెండుగా చీలి ఉంటుంది, కంటికి ఆనదు. మూడో ముద్దకే వాడి గొంతులో గుచ్చుకుంటే అమ్మ వట్టన్నం ముద్ద చేసి మింగించింది.

ఇంట్లో అందరికీ కోపం వచ్చిందిగానీ నాకు రాలేదు. ఎందుకంటే వాళ్ళింట్లో మొట్టమొదటిసారి పచ్చిపులుసు చూసి "కాయడం మర్చిపోయారా అత్తయ్యగారూ" అన్న మహానుభావుణ్ణి నేనే. అంతకంటే ముఖ్యం, జపాన్‌లో నాలుగేళ్ళు ఉద్యోగం చేసినప్పుడు మొదటి ఏడాదంతా నేను చేసిందీ ఇదే, కాకపోతే వాడు ఒక్క వరండాలో అన్నాడు, నేను మూడు వాట్సాప్ గ్రూపుల్లో అన్నాను.

ఇప్పుడు నా వాదన ఏంటంటే, కొత్త తిండి గురించి మనం "నచ్చలేదు" అంటున్నామంటే సగానికి సగం సార్లు దానర్థం "నాకు తినడం రాలేదు" అని. ఈ రెండూ ఒకటి కాదు. ఈత రానివాడు గోదాట్లో దిగి మునిగిపోయి, పైకి తేలాక నీళ్ళు బాగాలేవంటే ఏమంటాం?

ఒసాకాలో దిగిన మొదటి నెలలోనే ఒక పెద్ద హోటల్లో ఒంటరిగా భోజనానికి వెళ్ళాను. నా పుట్టినరోజు, జీతం కొత్త, వరసగా చిన్న చిన్న గిన్నెల్లో ఒకటి తర్వాత ఒకటి తెచ్చిపెట్టే రకం భోజనం. పన్నెండు వేల యెన్‌లు. ఏది దేనితో తినాలో తెలీదు, అడగడానికి భాష లేదు, ప్రతిదాని మీదా సోయా సాస్ పోసుకున్నాను, చివరికి తెల్లటి అన్నం మీద కూడా. అన్నం మీద అలా పోయడం వాళ్ళకి ఎబ్బెట్టుగా ఉంటుందని ఆర్నెల్ల తర్వాత తెలిసింది. వడ్డించే ఆవిడ ఏమీ అనలేదు, నవ్వింది. బయటికొచ్చి మూలనున్న షాపులో రెండు అన్నం ముద్దలు కొనుక్కుని నిలబడి తిని, ఆ రాత్రే గ్రూపుల్లో పెట్టాను: "జపాన్ తిండికి అందం ఉంది, రుచి లేదు." నలభై రెండు మంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఎవరూ నువ్వు ఎలా తిన్నావని అడగలేదు.

ఆ మెసేజీ ఇప్పటికీ ఆ గ్రూపులో ఉంది, డిలీట్ చెయ్యలేదు. ఉండనీ.

ఒసాకాలో ఉడోన్ అని లావుపాటి గోధుమ సేమ్యాని లేత రంగు చారులో వేసిస్తారు. మొదట్లో నాకది వేడినీళ్ళలో వేసిన సేమ్యాలాగే అనిపించేది. తప్పు నాలికది. ఇరవయ్యేడేళ్ళు గొడ్డుకారం మీద పెరిగిన నాలిక, కారం లేకపోతే అసలేమీ లేదనుకుంటుంది. ఆ చారుకి మూలం రెండే: కొంబు అనే సముద్రపు నాచు, కత్సువోబుషి అనే ఎండు చేప. చేపని ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి, బూజు పట్టించి, చివరికి చెక్క ముక్కంత గట్టిగా చేస్తారు. వాడేటప్పుడు వడ్రంగి చిత్రిక పట్టినట్టు పల్చటి పొరలు తీస్తారు. నాచుని నానబెట్టి తీసిన నీళ్ళలో ఆ పొరలు వేసి వడగడితే అదే వాళ్ళ వంటంతటికీ పునాది. 1908లో టోక్యోలో ఇకెడా కికునయె అనే ప్రొఫెసరు ఆ నాచు రుచి గుట్టు గ్లూటమేట్ అని పట్టుకుని దానికి ఉమామి అని పేరు పెట్టాడు. ఆ మరుసటి ఏడాదే అది అజినొమొటో పొడిగా బజార్లోకి వచ్చింది.

ఇదంతా చదివితే తెలిసింది. నాలిక్కి తెలిసింది మాత్రం ఒక ఆదివారం. ఊరి నుంచి తెచ్చుకున్న ఎండు రొయ్యలతో వంకాయ వండుతూ, రొయ్యలు నానబెట్టిన నీళ్ళు పారబొయ్యబోయి, ఎందుకో ఒక చెంచా నోట్లో పోసుకున్నాను. ఉడోన్ చారు! అదే అని కాదు, దాని మేనత్త కూతురు. మా అమ్మ ఆ నీళ్ళు ఎప్పుడూ పారబొయ్యదు, కూరలోనే పోస్తుంది. నేను ముప్పై ఏళ్ళకి దగ్గరపడుతూ ఒక పరాయి దేశపు వంటింట్లో అది ఎందుకో తెలుసుకున్నాను.

ఆ సందర్భంలోనే ఒక పిట్టకథ. ఒసాకాకి ముందు హైదరాబాద్‌లో అద్దెకుండేవాణ్ణి, ఎండు మెత్తళ్ళు వేయించినందుకు ఇంటాయన మెట్లెక్కి వచ్చి వాసన గురించి పావుగంట మాట్లాడాడు. ఆ భయం నాతో విమానమెక్కి వచ్చింది. ఒసాకా ఫ్లాట్లో మొదటిసారి మెత్తళ్ళు వేయించినప్పుడు కిటికీలన్నీ మూసి, తలుపు కింద తువ్వాలు పెట్టి, ఒకటే టెన్షన్. మర్నాడు పొద్దున ఏడింటికి కింది ఫ్లాట్ నుంచి అచ్చం అలాంటి వాసనే పైకొచ్చింది. వాళ్ళు ఎండు చేప కాల్చుకుంటున్నారు, టిఫిన్‌కి. తువ్వాలు తీసేశాను.

అన్నం గొడవ కూడా ఇంతే. జపాన్‌లో మనవాళ్ళు ఎక్కడ కలిసినా మొదటి ఫిర్యాదు "అన్నం ముద్దయిపోతుందండీ" అనే. అవదూ మరి? వాళ్ళు రెండు పుల్లలతో తింటారు, అన్నం అంటుకోకపోతే నోటిదాకా రాదు. మనం చేత్తో కలుపుతాం, మెతుకు మెతుకు విడిగా ఉంటే గానీ పులుసు పట్టదు. మా గోదావరి జిల్లాల్లోని మార్టేరులో వరి పరిశోధన కేంద్రం ఉంది, దేశమంతా పండించిన స్వర్ణ రకం, ఎంటీయూ 7029, అక్కడి నుంచి వచ్చిందే. ఆ బియ్యం అన్నం పెట్టి పుల్లలిస్తే ఏ జపాన్ వాడైనా నాలాగే వాట్సాప్‌లో ఫిర్యాదు రాస్తాడు. నేను చేసిన తప్పు వాళ్ళ అన్నాన్ని చేత్తో కలపబోవడం. పులుసు పక్కన పెట్టుకుని, అన్నం వట్టిగా తిని, ఆ తియ్యదనం నాలిక మీద ఉండగా ఒక ముక్క ఊరగాయ కొరకడం అలవాటయ్యేసరికి ఏడాదిన్నర పట్టింది.

ఇక నట్టో. సోయా గింజల్ని ఉడికించి పులియబెడతారు, కంపు కొడుతుంది, పుల్లతో ఎత్తితే తీగలు తీగలుగా సాగుతుంది. ఇంటర్నెట్‌లో దీన్ని తిని వాంతి చేసుకున్నట్టు మొహం పెట్టే వీడియోలు కోకొల్లలు. నాకు ఆ వీడియోలంటే చిరాకు. తిండిని ధైర్యపరీక్ష చేసినవాడు దాన్ని తినడు, ఓడిస్తాడు. కాబట్టి నా నట్టో కథలో వీరత్వం ఏమీ లేదు. మొదటిసారి డబ్బా మూత తీసి, పైనున్న పల్చటి కాగితం లాగి, అలాగే ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, చెత్తబుట్టలో ఊశాను. అంతే.

రెండోసారి తినిపించింది మా టీంలో పెద్దాయన. ఆయనది మిటో. మనకి పూతరేకులంటే ఆత్రేయపురం ఎలాగో నట్టో అంటే మిటో అలాగ. (ఒసాకాలోనే పుట్టి పెరిగిన మా మేనేజరు నట్టో పేరెత్తితే ముక్కు మూసుకునేవాడు. ఆ వైపు చాలామంది అంతే. "జపాన్ వాళ్ళు ఇది తింటారు" అని ఒక్క మాటలో తేల్చేసే ముందు ఇది గుర్తుంచుకోవాలి.) పెద్దాయన ఆఫీసు క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని, సాస్ పొట్లం చింపబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. ముందు ఏమీ పొయ్యకుండా తిప్పమన్నాడు. తిప్పాను. ఇంకా అన్నాడు. తెల్లగా నురగ కట్టేదాకా తిప్పించి, అప్పుడు బఠాణీ గింజంత పసుపు ముద్దేదో వేసి కలపమన్నాడు. ముక్కు దగ్గరికి తెచ్చుకునేసరికి ఒక్కసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆవ! వట్టి ఆవముద్ద. పనసపొట్టు కూరలో ఆవపెడితే ముక్కుకెక్కే ఘాటు ఉందే, అదే. కోనసీమ పెళ్ళిళ్ళలో విస్తరి మీద ఎండాకాలమంతా ఎగిరే ఆ ఘాటుని ఒసాకా క్యాంటీన్‌లో, అదీ నట్టో డబ్బాలో కలుసుకుంటానని అనుకోలేదు. ఆ తర్వాత సాస్, ఆ తర్వాత పొగలు కక్కే అన్నం మీద, చల్లన్నం మీద కాదు. సాగే తీగని పుల్లలతో గాల్లో గుండ్రంగా చుట్టి తెంపడం కూడా నేర్పాడు. అది రాకపోతే గడ్డానికి అంటుకుంటుంది, మొదటి రోజు అంటుకుంది.

కొన్నాళ్ళకి ఆయనే తన లంచ్ డబ్బాలో బెండకాయ తరిగి నట్టోలో కలుపుకోవడం చూశాను. వాళ్ళకి ఆ జిగురే ఇష్టం, జిగురు వంటలన్నిటికీ కలిపి ఒక పేరే ఉంది. మా అమ్మ జీవితమంతా బెండకాయ జిగురు మీద యుద్ధం చేసింది. కడిగి, తుడిచి, ఆరబెట్టి, చింతపండు రసం చిలకరించి, మూకుడు మీద మూత పెట్టకుండా వేయించి. వీళ్ళు అదే బెండకాయని సన్నగా కొట్టి, జిగురు ఇంకా రావాలని చూస్తారు. ఫోన్లో చెబితే అమ్మ కాసేపాగి, "వాళ్ళకి వేపుడు రాదేమోరా" అంది. చూశారా, రోగం ఎక్కడి నుంచి వచ్చిందో.

మనవాళ్ళు విదేశాల్లో ఇండియన్ రెస్టారెంట్ తప్ప గడప తొక్కరని వెక్కిరించడం ఒక ఫ్యాషన్. నేనూ వెక్కిరించేవాణ్ణి. కానీ ఆఫీసువాళ్ళు ఒకసారి ప్రేమగా నన్ను "నీ దేశపు తిండి" అని అలాంటి చోటికే తీసుకెళ్ళారు. జపాన్‌లో ఇలాంటివి చాలావరకు నేపాలీ వాళ్ళవి, అక్కడివాళ్ళ నాలిక్కి తగ్గట్టు వండుతారు. నా మోచేతి కంటే పొడుగు నాన్, తియ్యటి చికెన్ కూర. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు, నేను ఎలా తింటానో చూసి నేర్చుకుందామని. మా ఊళ్ళో నేను పెరిగిన ఇరవయ్యేళ్ళలో నాన్ మొహం చూడలేదు మహాప్రభో అని జపనీస్‌లో చెప్పేంత భాష నాకు లేదు. ఆ రోజు ఆ టేబుల్ దగ్గర తినడం రానివాళ్ళం ఏడుగురం.

శాకాహారుల సంగతి వేరు, అది తినడం రాకపోవడం కాదు, తినకపోవడం. రాజమండ్రి నుంచి వచ్చిన ఒక స్నేహితుడు మీసో సూప్‌లో చేప నీళ్ళు ఉంటాయని తెలీక ఆర్నెల్లు తాగాడు. తెలిసిన రోజు అన్నం మానేసి కూర్చుంటే నాకు నవ్వు రాలేదు. ఆ వారం వాణ్ణి ఒసాకా నుంచి రైల్లో కోయసాన్ కొండకి తీసుకెళ్ళాను. అక్కడి బౌద్ధ మఠాల్లో చేప మాంసం ముట్టని వంట చేస్తారు, చారుకి నాచు, ఎండు పుట్టగొడుగులు వాడతారు. నువ్వుల పాలతో కట్టిన జున్నులాంటి ముక్క ఒకటి వాడికి బాగా నచ్చింది. రెండోది అడిగాడు.

అన్నిటికంటే గుర్తుండిపోయిన భోజనం క్యోటోలో, జూలైలో, గియోన్ పండగ రోజుల్లో. పెద్దాయనే తీసుకెళ్ళాడు. ఎనిమిది కుర్చీలున్న సందులోని చిన్న హోటలు, వంటాయన బల్లకి అవతల మన ఎదురుగానే నిలబడి కోస్తాడు. ఆ కాలంలో అక్కడ హమో అనే పాములాంటి సముద్రపు చేప తింటారు, ఆ పండగకే హమో పండగని ఇంకో పేరుంది. క్యోటోకి సముద్రం దూరం. ఐస్ లేని రోజుల్లో అంత దూరం మోసుకొచ్చినా బతికి ఉండే మొండి చేప కాబట్టి ఆ ఊరికి అది అలవాటైందంటారు. వానాకాలం నీళ్ళు తాగి దానికి రుచెక్కుతుందని కూడా అంటారు. ఈ మాట పెద్దాయన చెబుతుంటే నేను కుర్చీలో ముందుకి జరిగాను. ఎర్రనీరు, అంటే గోదారి వరద నీరు, తాగాకే పులసకి రుచని, సముద్రంలో ఉన్నప్పుడు ఉత్త ఇలస, గోదాట్లోకి ఎదురెక్కాక పులస అని మా రేవులో చిన్న పిల్లాడు కూడా చెబుతాడు.

అసలు విషయం ముళ్ళు. హమో ఒంటినిండా సన్నటి ముళ్ళే, తీయడం కుదరదు. అందుకని వంటాయన చేపని విప్పి, చర్మం కిందకి పెట్టి, బరువైన కత్తితో దగ్గరదగ్గరగా గాట్లు పెడుతూ పోతాడు. మూడు సెంటీమీటర్ల మేరలో పాతిక దాకా గాట్లు, చర్మం మాత్రం తెగకూడదు. షక్ షక్ షక్ షక్ అని ముల్లు తెగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది, ఆ పదిహేను నిమిషాలూ హోటల్లో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ముక్కని మరిగే నీళ్ళలో ముంచి, వెంటనే ఐస్ నీళ్ళలో వేస్తే గాట్లన్నీ విచ్చుకుని తెల్లటి పువ్వులా అయిపోయింది. పైన ఉప్పులో ఊరిన పుల్లటి పండు గుజ్జు, ఎర్రగా, చుక్కంత. చేపకి పులుపు! ముల్లు తగల్లేదు, నాలిక మీద కాస్త గరగర, అంతే.

వంటాయన నన్ను అడిగాడు, మీ ఊళ్ళో ముళ్ళ చేప ఉందా అని. ఉందన్నాను. ఎలా కోస్తారన్నాడు. కొయ్యం, తినేవాడే తీసుకుంటాడన్నాను. ఆయన కత్తి తుడుచుకుంటూ, మరి పిల్లలకి, అన్నాడు.

మా మామ్మ గుర్తొచ్చింది. పులస ముక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి, ముల్లు దొరకగానే లాగి కంచం అంచున పెట్టి, మెత్తని భాగం పులుసన్నంలో కలిపి ముద్దగా నా నోట్లో పెట్టేది. అలా ఎనిమిదో తొమ్మిదో ఏడు వచ్చేదాకా. ఆ తర్వాత ముక్క నోట్లో పెట్టుకుని ముల్లుని నాలికతో ఎలా వెతుక్కోవాలో చెప్పింది, మాట్లాడకుండా తినమంది, నవ్వొద్దంది. నాకు పులస తినడం ఎప్పుడొచ్చిందో గుర్తులేదు కాబట్టి పుట్టుకతో వచ్చిందనుకున్నాను. అక్కడ, క్యోటో సందులో, మొట్టమొదటిసారి అది ఎవరో నేర్పిన విద్య అని తట్టింది.

పూతరేకుల ముచ్చట కూడా చెప్పేస్తాను. మొదటి ఏడాది ఎవరో ఇచ్చిన బియ్యపు మిఠాయి మీద పారదర్శకంగా ఒక పొర ఉంటే, ప్లాస్టిక్ అనుకుని గోళ్ళతో గీకి గీకి తీశాను. అది పిండితో చేసిన పొర, నోట్లో కరిగిపోతుందని చెప్పి అందరూ నవ్వారు. మూడో ఏడు సెలవుల తర్వాత నేను ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్ళాను. బోర్లించిన కుండ మీద జావలో ముంచిన గుడ్డ ఒక్కసారి లాగితే రేకు వస్తుందని చెప్పేలోపే మా మేనేజరు పైరేకు ఒలిచేశాడు, కాగితమనుకుని. తర్వాత రెండోది. చివరికి చేతిలో కాస్త బెల్లప్పొడి మిగిలింది, దాన్ని తిని చాలా బావుందన్నాడు.

అన్నీ నేర్చుకుంటే అన్నీ నచ్చుతాయని నేననను. స్క్విడ్ ముక్కల్ని దాని పేగుల్లోనే ఉప్పేసి ఊరబెట్టే షియోకరా అని ఒకటుంది. పెద్దాయన చెప్పినట్టే, వేడన్నంతో, చిటికెడు, నాలుగుసార్లు తిన్నాను. నచ్చలేదు. ఇది మాత్రం నిఖార్సయిన నచ్చకపోవడం, ఆయన కూడా ఒప్పుకున్నాడు.

బావమరిది విషయంలో నా తప్పు సూటిగా చెప్పాలంటే, నేను వాడికి ఎదురుగా కూర్చుని నా ముక్క నేను తిన్నాను. తలెత్తి చూడలేదు. పులస ముందు ఎవరు తలెత్తుతారు అనేది నిజమే కానీ సమాధానం కాదు.

మొన్న నాన్న ఫోన్ చేశారు, ఎర్రనీరు వచ్చిందని, వచ్చే ఆదివారం రమ్మని. బావమరిదిని పిలవనా అన్నాను భయంభయంగా. కాసేపు అవతల నిశ్శబ్దం. తర్వాత అన్నారు, "పిలు. పోయినసారి ఆ అబ్బాయికి తోక ముక్క పడిందిరా. నేను చూసి కూడా ఊరుకున్నాను."